సద్దిమూట

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతపు బాటలలో నిలిచి చూచినవారికి నిత్యము ఒక దృశ్యము కానవచ్చును. ఊరి మలుపులందును, వేపచెట్ల క్రిందను, ఇంకను తలుపులు తీయని టీ అంగళ్ల ముంగిటను యువతీయువకులు గుంపులుగా నిలిచియుందురు. బస్సు దీపములు దూరమున కనబడగానే సంచులు సవరించుకొందురు. ఆ సంచులలో గుర్తింపు కార్డు, సెల్‌ఫోను, నీళ్ల సీసా, వానితోపాటు పలువురికి ఒక స్టీలు డబ్బా ఉండును. ఆ డబ్బాయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ బస్సులు చేరునది శ్రీసిటీ. చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున, తడకు సమీపమున, సత్యవేడు వరదయ్యపాళెము మండలముల గ్రామభూములలో 2008వ సంవత్సరమున ఈ పారిశ్రామిక నగరము వెలసినది. నాడది చిత్తూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిలు నుండి తిరుపతి జిల్లాలో చేరినది. పలు దేశములకు చెందిన 200కు పైగా సంస్థలు అచ్చట కలవు. వేలకొలది స్త్రీలు అచ్చట పని చేయుచున్నారు. మోటారుబండ్లును, శీతల యంత్రములును తయారగుచున్న ఆ చోటనే కాడ్బరీ చాక్లెట్టులు, పెప్సీ పానీయములు కూడ తయారగుచున్నవి. లోకమునకంతకు పొట్లములలో తినుబండములు కట్టి పంపు నగరమునకు, అచ్చట పనిచేయువారు తమ యింటి అన్నమును తామే డబ్బాలలో కట్టుకొని పోవుచున్నారు. ఇందులో వింతయేమియు లేదు. అది మనవారు తరతరములుగా చేయుచున్న పనియే. కట్టిన పాత్ర మాత్రము మారినది.

తెలుగున ‘చలిది’ యను మాట ‘చల్ది’యై, ‘చద్ది’యై, మన సీమలో ‘సద్ది’ యైనది. చల్లారిన అన్నమని దాని యర్థము. సంస్కృతమున ఇట్టి తిండికి ‘పాథేయ’మనియు, ‘శంబల’మనియు పేళ్లు. పథమునందు ఉపయోగించునది గనుక పాథేయము. ఈ రెండు భాషలవారును ఒకే మూటను రెండు వైపుల నుండి చూచిరి. సంస్కృతపు పేరులో బాటసారి కనబడుచున్నాడు. తెలుగు పేరులో రాత్రి ఆరిన పొయ్యి కనబడుచున్నది. రేపు పనికి పోవువాని కొరకు ఒక పిడికెడు అధికముగా వండి యుంచిన మనిషి కనబడుచున్నది. పెద్దల మాట సద్దిమూట యని మనవారు సామెత చెప్పుకొనిరి. మూట కట్టునప్పుడు దాని విలువ తెలియదు, నడిమధ్యాహ్నము విప్పినప్పుడే తెలియునని ఆ సామెతలోని భావము.

సద్ది కుడుచుట మన సాహిత్యమున చిన్న విషయము కాదు. పోతన భాగవతమున దశమస్కంధములోని చల్దుల ఘట్టము తెలుగింటి పిల్లలకు సైతము తెలిసినదే. పసులగాచు బాలురు ఎవరి మూట వారు తెచ్చుకొందురు. కృష్ణుని నడుమ నుంచుకొని కుడుతురు. ఒకరి ఊరగాయ మరియొకరు లాగికొందురు. అచ్చట ఎవరి వంట శ్రేష్ఠమను విచారము లేదు. వేఱువేఱుగా తెచ్చుకొని కూడి తినుట యను ఒక మర్యాద ఉన్నది. ఈ మర్యాదను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

పసులకాపరి సద్దియైనను, సేద్యగాని సద్దియైనను తయారగు విధ మొకటియే. మెట్ట చేలలో కలుపు తీయుటకు పోవువారికి చిత్తూరు సీమలో రాగి సంగటి ముద్ద, మజ్జిగ, ఎఱ్ఱగడ్డ, పచ్చిమిరపకాయ, కలిగినవారికి చెనిక్కాయల ఊరుబిండి సద్దియయ్యెను. నీటివసతి గల పల్లెలలో రాత్రి అన్నములో నీళ్లు పోసి, ఉదయమున మజ్జిగ కలుపుకొనిరి. ఇది పేదవాని తిండియని పట్టణవాసులు చులకన చేసిన కాలము కలదు. కాని 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము కలదనియు, మరపట్టిన తెల్లబియ్యమున 10 మిల్లీగ్రాములు కూడ ఉండుట అరుదనియు నేటి ఆహారశాస్త్రము చెప్పుచున్నది. నీళ్లలోను మజ్జిగలోను పులిసిన అన్నము వేసవిలో సైతము మధ్యాహ్నము వఱకు నిలుచుటకు కారణము ఆ పులుపే. చెఱుపు చేయు సూక్ష్మజీవులు ఆమ్లమున పెరుగజాలవు. మన అవ్వలకు ఆ జీవుల పేళ్లు తెలియవు గాని వానిని నిలువరించు ఉపాయము తెలియును.

అయితే సద్దిమూటకు వేఱొక ముఖము కూడ కలదు. చరిత్ర వ్రాయువాడు దానిని దాచిపెట్టరాదు. పూర్వము దూరప్రయాణమునకు బయలుదేరిన అగ్రకులస్థుడు మూట కట్టుకొనుట మితవ్యయము కొరకు కాదు. అన్యుల చేతి వంట ముట్టరాదను నియమము కొరకు. అదే బాటన నడచిన అంటరానివాడని పేరుపడిన కూలివాడును మూట కట్టుకొనెను. అది నియమము కొరకు కాదు, పూటకూటి ఇంటిలో అతనికి విస్తరి వేయువారు లేకుండుట వలన. చెన్నరాజధానిలో రైలుస్టేషనుల భోజనశాలలలో సైతము బ్రాహ్మణులకు వేఱు, ఇతరులకు వేఱు స్థలము లేర్పరచియుండిరి. మూట ఒకటే, ముడివేసిన కారణములు మాత్రము ఆకాశమునకును భూమికిని ఉన్నంత దూరము. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. 15వ అధికరణమున భోజనశాలలలో కులమును బట్టి ఎవరిని గాని అడ్డగింపరాదని శాసించినది. నాటి నుండి న్యాయము దృష్టిలో సద్దిమూట ఎవరికిని శిక్ష కాదు. అది ఇచ్ఛానుసారము చేయు పని. ఇచ్ఛచే కట్టుకొన్న మూటయే నిజమైన సద్దిమూట యని నా యభిప్రాయము.

ఇక యంత్రశాలల కాలమునకు వత్తము. పొలములో ఆకలియైనప్పుడు చెట్టునీడకు పోవచ్చును. యంత్రశాలలో ఆకలి గంటకు లోబడియుండవలెను. ఈ కష్టము తొలుత తెలిసినవారు మన పొరుగున చెన్నపట్టణములోని పెరంబూరు బట్టల మిల్లుల పనివారు. అచ్చట 1918 ఏప్రిలు 27వ తేదీన మద్రాసు లేబరు యూనియను స్థాపితమయ్యెను. దేశమున క్రమపద్ధతిని ఏర్పడిన తొలి కార్మిక సంఘములలో అది యొకటి. బి. పి. వాడియా దానికి అధ్యక్షుడు. మధ్యాహ్న భోజనమున కిచ్చు విరామము చాలదనునది ఆ పనివారి మొదటి మొఱలలో నొకటి. గొప్ప సిద్ధాంతములతో కాదు, చేతులు కడుగుకొని అన్నము తిని మరల యంత్రము కడకు చేరుటకు చాలినన్ని నిమిషములు లేవను మాటతో ఆ సంఘము మొదలైనదని తెలిసికొన్నప్పుడు, డబ్బాలోని అన్నమునకును కార్మికుని గౌరవమునకును గల సంబంధము మనకు బోధపడును.

 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టమున పనివానిచే ఏకధాటిగా 5 గంటలకు మించి పని చేయింపరాదనియు, నడుమ అర్ధగంటకు తక్కువ కాని విరామ మీయవలెననియు విధించిరి. 150 మందికి మించి పనివారున్న చోట, వారు తమ వెంట తెచ్చుకొన్న భోజనమును తినుటకు తగిన గదియు, త్రాగునీరును ఉండవలెనని చెప్పిరి. 250 మందికి మించినచోట క్యాంటీను నెలకొల్పుమని ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వముల కిచ్చిరి. సద్దిమూటకు చట్టమున ఒక గది దొరకుట సామాన్య విషయమా? ఆ చట్టమునకు బదులుగా 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2020 నాటి సంహితలోను భోజనపు గది నియమము నిలిచియే యున్నది. గావున ఇంటినుండి అన్నము తెచ్చుకొనుమని పనివానికి హితవు చెప్పువారు, దానిని కూర్చుండి తినుటకు చోటును, నీరును, వ్యవధియు ఈయవలసిన బాధ్యత యజమానిదని కూడ ఒప్పుకొనవలెను. సద్దిమూట క్యాంటీనుకు శత్రువు కాదు. క్యాంటీను లేకుండ చేయుటకు సాకును కాదు.

పనికి పోవునప్పుడు తన భోజనమును తాను కట్టుకొని పోవుట వలని లాభములు చెప్పవలసినచో మొదటిది సొమ్ము. దినమునకు అరువది రూపాయలు మిగిలినవనుకొందము. నెలకు ఇరువదియైదు పనిదినములకు 1,500 రూపాయలు, సంవత్సరమునకు 18,000 రూపాయలు. పల్లెటూరి ఇంటిలో ఒక బిడ్డ కళాశాల ఖర్చులో ఇది చెప్పుకోదగిన పాలు.

రెండవది దేహబలము. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది. ఎనిమిది గంటలు నిలుచుండి పనిచేయు యువతికి నూనెలో వేగిన బజ్జీలు, తీపి పానీయములు రక్తము నీయజాలవు. ఆకుకూర పప్పు, మొలకెత్తిన పెసలు, ఉడికిన చెనిక్కాయలు, కలిగినచో ఒక గ్రుడ్డు ఆ డబ్బాలో చేరవలెను. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము దేహమునకు చక్కగా పట్టును. భోజనము కాగానే టీ త్రాగినచో పట్టదు. ఈ చిన్న సంగతి తెలిసిన ఇల్లు మందుల అంగడికి కొంత దూరమున ఉండును.

మూడవది శుభ్రత. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు ప్రాంతపు కర్మాగారమొకదానిలో పనిచేయు స్త్రీలు, తమ వసతిగృహమున చెడిన ఆహారము తిని, 150 మందికి పైగా ఆసుపత్రి పాలైరి. వారు వందలకొలదిగా వీథి కెక్కినపుడు గాని ఆ సంగతి లోకమునకు తెలియలేదు. తాను వండినది, తన కంటియెదుట వండినది అయినచో ఈ భయము తక్కువ. తక్కువయే గాని లేకపోలేదు. ఆవిరి క్రక్కుచున్న అన్నమును డబ్బాలో కూరి మూత బిగించి, గంటలకొలది గోరువెచ్చగా నుంచినచో అందు సూక్ష్మజీవులు పెరుగును. వానిలో కొన్ని విడుచు విషము మరల కాచినను పోదు. కావున అన్నమును పళ్లెమున ఆరబోసి, చల్లారిన పిమ్మట కట్టవలెను. చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నము, పెరుగన్నము నిలుచును. పచ్చికొబ్బరి చట్నీ నిలువదు. పూర్వపు పులుపు సూత్రమే ఇప్పటికిని సూత్రము.

ఇంతవఱకు వ్రాసి ముగించియుందును. లాభములు చెప్పుట సులభము. వినుట ఇంకను సులభము. కాని ఇటీవల నా పూర్వ విద్యార్థిని యొకతె సత్యవేడు బస్సు నిలుచు చోట కనబడినది. ఆమె శ్రీసిటీలో ఒక కర్మాగారమున పని చేయుచున్నది. కుశలమడిగి, చేతిలోని సంచి చూచి, “క్యాంటీను లేదా అమ్మా?” అంటిని.

“ఉండాది సార్. తిండి బాగానే ఉంటాది. అయినా వారానికి నాలుగు దినాలు డబ్బానే. మాయమ్మ నేర్పిన ఊరుబిండి ఆడ దొరకదు గదా.”

“నీకు డబ్బా ఎవరు కడతారు?”

“నేనే సార్. మూడు గంటలకు లేస్తాను. నాదీ, మా అన్నదీ, రెండూ కడతాను. వాడూ కంపెనీకే పోతాడు.”

“అన్న ఎన్నింటికి లేస్తాడు?”

ఆ పిల్ల నవ్వినది. “బస్సు హారన్ కొట్టినాక సార్.”

నేనును నవ్వితిని. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు నాకు మిగులలేదు. ఇద్దరును ఒకే పనికి పోవుచున్నారు. ఒకే బస్సు ఎక్కుచున్నారు. ఇద్దరి జీతములును ఇంటికి వచ్చుచున్నవి. ఒకరు మూడు గంటలకు లేచుచున్నారు, మరియొకరు హారను వినబడినంతనే లేచుచున్నారు. సద్దిమూట వలని లాభము లిద్దరికిని సమము. దాని వెల ఒకరే చెల్లించుచున్నారు.

వెనుదిరిగి చూడగా, ఈ లెక్క మన చరిత్రయంతట కనబడుచున్నది. చేనికి పోవు సేద్యగాని సద్ది గంపలో పెట్టి, చుట్టకుదురుపై నెత్తికెత్తుకొని మధ్యాహ్నమునకు గట్టు చేర్చినది ఆ యింటి ఇల్లాలు. చేర్చిన పిదప ఆమెయు కలుపు తీసినది. బొంబాయిలో 1890 ప్రాంతమున మహాదేవ్ హావజీ బచ్చే యను నతడు కచ్చేరి ఉద్యోగులకు ఇంటి భోజనమును డబ్బాలలో చేరవేయు ఏర్పాటు చేసెను. ఆ డబ్బావాలల నైపుణ్యము జగత్ప్రసిద్ధము. ఎన్ని చేతులు మారినను డబ్బా దారి తప్పదని మెచ్చుకొందుము. ఆ డబ్బా మొట్టమొదట ఎవరి చేతినుండి బయలుదేరినదో ఎవరును పేర్కొనరు.

మన సంస్కర్తల మాటయు చెప్పవలెను. వీరేశలింగముగారు 1883లో స్త్రీల కొరకు ‘సతీహితబోధిని’ని నడపిరి. 1928లో కేసరిగారు చెన్నపట్టణమున ‘గృహలక్ష్మి’ని స్థాపించిరి. చదువును, ఆరోగ్యమును, గృహనిర్వహణమును తెలుగింటి స్త్రీకి అందించిన ఆ పత్రికల ఋణము తీరనిది. వారు ఇంటిలోని స్త్రీకి పుస్తక మిచ్చిరి. పురుషునికి గరిటె ఇచ్చు పని మాత్రము వెనుకటి తరములకు వదలివేయబడి, మన తరమునకు చేరినది. స్త్రీ పుస్తకము పట్టినది, ఉద్యోగమునకు పోయినది, గరిటె మాత్రము ఆమె చేతిలోనే ఉండిపోయినది. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటి పనులు చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములు, అట్టి పనులు చేయు పురుషులు 97 నిమిషములు వానిపై వెచ్చించుచున్నారని తేలినది. అసలు ఆ పనులలో చేయి పెట్టిన స్త్రీలు నూటికి 81.2 మంది కాగా, పురుషులు 26.1 మంది మాత్రమే. మూడు గంటలకు లేచిన నా శిష్యురాలు ఈ అంకెలలో ఒకతె.

ఈ మాటలు ఇతరులను నిందించుటకు వ్రాయుట లేదు. నేను ఉపాధ్యాయుడనై ఇరువది సంవత్సరములు దాటినది. తొలుత మా యమ్మ, తరువాత నా భార్య కట్టిచ్చిన డబ్బానే బడికి తీసికొనిపోయితిని. క్యాంటీనులు, హోటళ్లు మంచివి కావనియు, ఇంటి భోజనమే శ్రేష్ఠమనియు తరగతిలో పలుమార్లు చెప్పితిని. ఆ ఇంటి భోజనము కొరకు ఇంటిలో దీపమెప్పుడు వెలుగుచున్నదో ఒక్కనాడును విచారింపలేదు. నా భార్యయు ఉద్యోగస్థురాలే. బస్సు కడ ఆ పిల్లను చూచిన నాటి మరునాడు నేను ముందుగా లేచితిని. మొదటి దినమున అన్నము మాడినది. రెండవ వారమునకు నిమ్మకాయ అన్నము కుదిరినది. ఇప్పుడు వంతుల చొప్పున కట్టుకొనుచున్నాము. ఇది ఘనకార్యమని చెప్పుట లేదు. ఎంత ఆలస్యముగా నేర్చుకొంటినో చెప్పుచున్నాను.

తెలుగు క్రియలలో ‘కట్టించుకొనుట’ యనియు ‘కట్టుకొనుట’ యనియు రెండు కలవు. నడుమ ఒక్క ‘ఇంచు’క్ ప్రత్యయమే భేదము. వ్యాకరణ పాఠమున దీనిని ఎన్నియో మారులు చెప్పితిని గాని, ఒక ఇంటి న్యాయాన్యాయములు ఆ ప్రత్యయమున ఇమిడియున్నవని తలపలేదు. సొమ్ము, దేహబలము, శుభ్రత యని పైన లెక్కపెట్టిన లాభములు కట్టించుకొన్నవానికిని దొరకును. ఆకలి తీర్చు అన్నము వెనుక ఎంత శ్రమ యున్నదో తెలియుట, ఇంటిలో ఒకరి నిద్రను దొంగిలింపక జీవించుట యను లాభములు కట్టుకొన్నవానికి మాత్రమే దొరకును.

కనుక నా విన్నపము చిన్నది. ఇంటిలో కుమారుడు పదేండ్లవాడు కాగానే అన్నము వార్చుటయు, పప్పు తాలింపు వేయుటయు, తన డబ్బా తాను కడుగుకొనుటయు నేర్పుడు. కుమార్తెకు నేర్పుచున్నాము గదా. అదే పాఠము, అదే వయస్సున. ఇద్దరు పనికి పోవు ఇంటిలో రాత్రియే కూరగాయలు తఱిగియుంచి, వంతులు వేసికొనుడు. పనిచోట డబ్బా మూత తీసినప్పుడు ప్రక్కవాని డబ్బాలో ఏమున్నదో చూచి వాని కులమును వెదకక, మీ ఊరగాయలో కొంత వాని మూతలో పెట్టుడు. వేఱుగా తెచ్చుకొని కూడి తినుట యను మర్యాదను పసులగాచు పిల్లలు మనకు ఎన్నడో చూపియున్నారు.

శ్రీసిటీ బాటన రేపును నాలుగున్నరకు బస్సు వచ్చును. డబ్బాలు రెండును తప్పక సంచులలో ఉండును. అన్నగారి డబ్బా అన్నగారే కట్టుకొన్న నాడు ఆ చెల్లెలికి మరి యొక అర్ధగంట నిద్ర దొరకును. మన సంస్కారమునకు ప్రస్తుతము ఆ అర్ధగంటయే కొలత.